బడి వయసు

నాలుగేళ్ల జాన్‌బీ తెలివిని ఆ ఊళ్లో మొదట కనిపెట్టినవాడు శివరామయ్య పంతులు. ఆ పేరు ఆయనకే దక్కాలి. తర్వాత ఆరేళ్లలో ఆయన చేసిన పని కూడా ఆయన పేరు మీదే ఉండాలి కదా, అందుకే ఈ కథ.

గురజాలకి ఆరు మైళ్ల దూరంలో, నాపరాళ్ల గనుల పక్కన ఉన్న చిన్న ఊరది. బడి శివరామయ్యదే. పంతులూ ఆయనే, యజమానీ ఆయనే, పొద్దున్నే గంట కొట్టేవాడూ ఆయనే. బడికి సర్కారు గుర్తింపు వస్తే గ్రాంటు వస్తుంది, గ్రాంటు వస్తే ఆయన ఇంట్లో పొయ్యి రాజుకుంటుంది. గుర్తింపు రావాలంటే హాజరు పట్టీలో ఇరవై మంది పిల్లలు ఉండాలి. 1941 జూన్ నాటికి ఆయన ఇల్లిల్లూ తిరిగి, గడ్డాలు పట్టుకుని బతిమాలి పందొమ్మిది మందిని పోగుచేశాడు. ఇంకొక్కరు ఎంత వెతికినా దొరకలేదు.

సరిగ్గా ఆ వారంలోనే బడి వసారాకి రాళ్లు పరచడానికి నూర్ మొహమ్మద్ వచ్చాడు. గనిలో రాయి తీసి, చదరంగా కొట్టి, పరచడం అతని పని. భార్య జైనాబ్ బీ కూలికి పోతే పిల్లని చూసే దిక్కు లేక కూతుర్ని వెంట తెచ్చుకున్నాడు. వసారా పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. రాళ్లు రెండేసి అడుగుల చదరాలు. బండిలోంచి దించి గోడకి ఆనించిన రాళ్లని పిల్ల వేలితో తడుముకుంటూ వెళ్లింది. తర్వాత వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. అడ్డంగా కూడా నడిచింది.

"అబ్బా, ఇంకా రెండు రాళ్లు తక్కువ" అంది.

"ఊరుకోవే, సరిపడా తెచ్చా" అన్నాడు నూర్ మొహమ్మద్ తలెత్తకుండానే.

సాయంత్రం చివరి రాయి పరిచాక మూలన రెండు గళ్లు ఒట్టి మట్టిగానే మిగిలాయి. నూర్ మొహమ్మద్ నవ్వేసి, రేపు తెస్తానన్నాడు. శివరామయ్యకి మాత్రం నవ్వు రాలేదు. పిల్లని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, "ఈ గదికి ఎన్ని రాళ్లు పడతాయే?" అని అడిగాడు. పిల్ల గదంతా ఒకసారి చూసింది. అరవై అనే మాట దానికింకా తెలియదు.

"పదేసి రాళ్లు. ఆరు వరసలు" అంది.

శివరామయ్య పదకొండేళ్లుగా చదువు చెబుతున్నాడు. ఎక్కాలు వల్లించే పిల్లల్ని చూశాడు, దెబ్బలకి భయపడి చదివే పిల్లల్ని చూశాడు. కళ్లతో కొలిచి లెక్క కట్టే పిల్లని చూడటం అదే మొదలు. ఆయనకి నిజంగా సంతోషం కలిగింది. ఆ సంతోషంలో దొంగతనం ఏమీ లేదు. కానీ ఆ సంతోషం వెనకాలే ఇంకో ఆలోచన వచ్చి నిలబడింది. ఇరవయ్యో బిడ్డ దొరికింది.

ఐదు నిండని పిల్లల్ని పట్టీలో ఎక్కించకూడదు. దానికి ఆ రోజుల్లో పంతుళ్లందరూ చేసే పనే శివరామయ్యా చేశాడు. ఊళ్లో సగం మందికి పుట్టిన తేదీ ఏదో తెలియదు కాబట్టి, పిల్లలందరూ ఆయన రిజిస్టర్లో జూలై ఒకటినే పుట్టారు. ఏడు మాత్రం బడి అవసరాన్ని బట్టి ముందుకో వెనక్కో జరిగేది. ఐదేళ్లని రాస్తే చూసేవాళ్లకి అనుమానం వస్తుందని ఆరేళ్లని రాశాడు. 1937లో పుట్టిన జాన్‌బీ అలా 1935 జూలై ఒకటిన పుట్టింది. నూర్ మొహమ్మద్ వేలిముద్ర వేశాడు. ఏం రాశారో అతనికి తెలియదు, అడగలేదు. పంతులు రాశాడంటే సరిగానే ఉంటుందనుకున్నాడు పాపం.

అందుకే ఆ బడి పిల్లలకి రెండేసి వయసులు ఉండేవి. ఇంటి వయసు, బడి వయసు. ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నాడని కబురు తెలిస్తే చాలు, శివరామయ్య పిల్లలందరినీ వరసలో నిలబెట్టి బడి వయసులు వల్లె వేయించేవాడు. తప్పు చెప్పినవాడి చేతి మీద బెత్తం. మూడో తరగతికి వచ్చేసరికి జాన్‌బీ ఈ పని తన నెత్తిన వేసుకుంది. ఎవరికి ఎన్నేళ్లు కలపాలో, ఎవరికి ఎన్ని తీయాలో దానికి కంఠతా వచ్చు. "ఒరేయ్ కోటయ్యా, ఇంటికాడ తొమ్మిది, బడికాడ ఎనిమిది. మర్చిపోతే ఈపు పగులుద్ది" అని పిల్లల్ని తయారు చేసేది. శివరామయ్య దాన్ని చూసి మురిసిపోయేవాడు. తను చేసిన అబద్ధాన్ని ఒక పసిపిల్ల అంత శ్రద్ధగా కాపాడుతుంటే మురిసిపోవడానికి చర్మం ఎంత మందంగా ఉండాలో ఆలోచించండి.

తనిఖీ రోజున బడి పరువు జాన్‌బీ చేతుల్లో ఉండేది. రెండో తరగతిలో ఉండగానే ఐదో తరగతి లెక్క నోటితో చెప్పింది. వచ్చిన ఇన్‌స్పెక్టరు నోరెళ్లబెట్టి, పుస్తకంలో నాలుగు మంచి మాటలు రాసి వెళ్లాడు. మిగతా పిల్లలకి ఏమీ రాదన్న సంగతి ఆ నాలుగు మాటల కింద మరుగున పడిపోయింది. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే వరస. ఇన్‌స్పెక్టరు ప్రశ్న వేస్తాడు, గదంతా నిశ్శబ్దం, శివరామయ్య కళ్లతో సైగ చేస్తాడు, జాన్‌బీ లేచి చెబుతుంది, గుర్తింపు ఇంకో ఏడు నిలుస్తుంది.

1946లో జాన్‌బీ ఐదో తరగతి ముగించింది. ఆ బడిలో ఆరు లేదు. పాసయిందని రాసిస్తే పిల్ల బడి వదిలి వెళ్లిపోతుంది. మరి వచ్చే తనిఖీలో లేచి చెప్పేదెవరు? శివరామయ్య నూర్ మొహమ్మద్‌ని పిలిచాడు.

"పిల్ల ఇంకా చిన్నదయ్యా. తొమ్మిదేళ్లయినా నిండలేదు. ఇంకో ఏడు ఐదులోనే గట్టిపడనీ" అన్నాడు.

"మీ చిత్తం పంతులు గారూ. నాకేం తెలుసు" అన్నాడు నూర్ మొహమ్మద్.

రిజిస్టర్లో పిల్లని పెద్దది చేసినవాడే, తండ్రి ముందు చిన్నది చేశాడు. అదే నెలలో ఒక సర్క్యులరు వచ్చింది. పల్లెటూరి బడుల్లో బాగా చురుకైన పిల్లలకి పరీక్ష పెట్టి, గెలిచిన వాళ్లకి గుంటూరులో హాస్టలూ, పదకొండో తరగతి దాకా చదువూ ఉచితంగా ఇస్తారట. జూలై ఒకటికి పన్నెండేళ్లు నిండి ఉండకూడదు. శివరామయ్య దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, రేకు పెట్టె అడుగున పెట్టాడు. జాన్‌బీకి వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాడు. అనుకున్న మాట నిజం. ఆయన రాక్షసుడేమీ కాదు. పిల్లని గుంటూరు పంపాలనే అనుకున్నాడు, తన పని అయ్యాక.

1947 ఫిబ్రవరిలో కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పేరు అబ్దుల్ గఫార్. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉండే మనిషి. అలవాటు ప్రకారం లెక్క వేశాడు, అలవాటు ప్రకారం జాన్‌బీ చెప్పింది. ఆయన మెచ్చుకుని ఊరుకోలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని గంటసేపు దానితో లెక్కలాడాడు. అర్ధరూపాయి వడ్డీ నుంచి గుండ్రటి బావిలో నీళ్ల దాకా అడిగాడు. నేర్పని లెక్కలకి కూడా అది తనే దారి వెతుక్కుంటుంటే, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పంతులు గారూ, ఈ పిల్ల ఇంకా ఇక్కడెందుకుంది?" అన్నాడు.

శివరామయ్య నసిగాడు.

"మీకు సర్క్యులరు వచ్చే ఉంటుంది. పరీక్ష ఏప్రిల్లో. దరఖాస్తు ఫారం నేనే తెస్తాను. వచ్చే సోమవారం మళ్లీ వస్తాను, తల్లిదండ్రుల్ని పిలిపించండి. వయసు హద్దు పన్నెండు. ఈ పిల్లకి తొమ్మిదీ పదీ ఉంటాయేమో, ఆ చిక్కు లేదు. మీరు అడ్మిషన్ రిజిస్టరు సిద్ధంగా ఉంచండి చాలు."

జూలై ఒకటికి జాన్‌బీ బడి వయసు సరిగ్గా పన్నెండు నిండుతుంది. పోయినేడు పంపి ఉంటే ఆ దొంగ తేదీతో కూడా సరిపోయేది. లెక్కల పంతులు కదా, ఆ లెక్క శివరామయ్యకి వెంటనే తట్టింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం బడి తలుపులు దగ్గరగా వేసుకుని, రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చేతిలో బ్లేడు. 1935లో చివరి అంకె గీకి ఏడు చేయాలి. కానీ ఆ పేజీ కింద ఏటేటా వచ్చిన ఇన్‌స్పెక్టర్ల పొడి సంతకాలు ఐదున్నాయి. చివరిది మొన్న గఫార్ పెట్టిందే. గీకితే కాగితం పల్చబడుతుంది, వెలుగులో పెడితే తెలిసిపోతుంది. ఇంకొక్క దారే ఉంది. తప్పు తేదీ తనే రాశానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే బడి గుర్తింపు పోతుంది, తన ట్రైనింగు సర్టిఫికెట్టు పోతుంది. ఇరవై మందిలో పదిహేను మందివి అలాంటి తేదీలే కదా, తవ్వితే అన్నీ బయటపడతాయి.

భార్య సీతమ్మ తలుపు తోసుకుని వచ్చింది. బ్లేడు చూసింది. విషయం అంతకుముందే విని ఉంది.

"చెప్పేయండి" అంది.

"చెప్పి? మన ముగ్గురు పిల్లలూ ఏం తింటారు?"

"మా అన్నయ్య రొంపిచెర్లలో మిల్లులో గుమాస్తా పనుందన్నాడుగా."

"గుమాస్తానా? నన్ను పంతులు గారూ అని పిలిచే ఊరొదిలి, నేను తూకాలు రాసుకుంటూ బతకాలా?"

సీతమ్మ ఆయన ముఖం కాసేపు చూసి వెళ్లిపోయింది. అంటే ఇక్కడ నాలుగు మెతుకుల బాధ కూడా లేదు. గారూ అనే రెండక్షరాలే అడ్డం. మనిషి తన గురించి తను ఎంత పెద్దగా అనుకుంటాడో, ఎంత చిన్నదానికి అమ్ముడుపోతాడో ఆ మధ్యాహ్నం శివరామయ్యకి తెలిసింది. తెలిసి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి బ్లేడు జేబులో వేసుకుని ఇంటికెళ్లి అన్నం తిన్నాడు.

అలా ఇంటికెళ్లే దారిలోనే జైనాబ్ బీ ఎదురొచ్చింది. రేషను మీద ఇచ్చే కంట్రోలు బట్ట కోసం రెండు రోజులు గురజాలలో వరసలో నిలబడి, కూతురికి రెండు పరికిణీలు కుట్టించిందట. "నరసరావుపేట నుంచి రేకు పెట్టె కూడా తెప్పించామయ్యా. మా ఇళ్లల్లో ఆడపిల్ల గుంటూరు పోయి చదువుకోటం యాడన్నా ఉందా? చానా పుణ్యం మీకు" అంది. శివరామయ్య తల ఊపాడు.

సోమవారం పొద్దున గంట కొట్టాక ఆయన పిల్లల్ని వరసలో నిలబెట్టాడు. పాత అలవాటే. ఒక్కొక్కరి చేతా బడి వయసు చెప్పించాడు. జాన్‌బీ దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. అది కొత్త పరికిణీ కట్టుకుని, తలకి నూనె పెట్టుకుని ఆయన వంకే చూస్తోంది.

"నేనేం చెప్పాలి పంతులు గారూ?"

ఇక్కడ ఆయన ఒక్క మాట అంటే చాలు. ఇంటి వయసు చెప్పమ్మా అంటే చాలు. ఆయన గోడ వైపు తిరిగి, "అందరూ ఎప్పుడూ చెప్పేదే చెప్పాలి. లేకపోతే బడి మూసేస్తారు" అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియనట్టు, అందరితో అన్నాడు.

పదకొండు గంటలకి గఫార్ సైకిలు దిగాడు. దారిలో ఎండకి దాహమేసి ఊరి మొదట్లో బావి దగ్గర ఆగి నీళ్లు తాగి వచ్చాడు. జైనాబ్ బీ, నూర్ మొహమ్మద్ వసారాలో ఒదిగి నిలబడ్డారు. ఫారం తీసి, పేరూ, తండ్రి పేరూ రాశాక, గఫార్ రిజిస్టరు తెరిచాడు. కలం ఆగిపోయింది.

"జూలైకి ఈ పిల్లకి పన్నెండా?"

శివరామయ్య బల్ల మీది సుద్దముక్కలు సర్దాడు.

"అదేంది సామీ!" అంది జైనాబ్ బీ. "నా బిడ్డకి పన్నెండేంది? బావి గట్టుకి మా ఆయన రాళ్లు పరిచినేడు పుట్టింది. ఆ బావి తవ్విచ్చిన నరసింహారావు గారు తన పేరు చెక్కిచ్చిన రాయి పెట్టినాడే నాకు నొప్పులొచ్చినయ్. ఊరంతా ఎరుగుద్ది. పంతులు గారూ ఎరుగుదురు. చెప్పండయ్యా!"

గఫార్ శివరామయ్య వైపు తిరిగాడు. "ఆ రాయి ఇప్పుడే చూశాను. 1937 అని చెక్కి ఉంది. పంతులు గారూ, ఈ రాత మీదేగా? తేదీ తప్పు పడిందని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. దాని మీద పిల్లని పంపిస్తాను. మీ మీద నివేదిక కూడా పంపాల్సి వస్తుంది, అది మాత్రం దాచలేను. ఆలోచించుకోండి."

తండ్రీ తల్లీ శివరామయ్య వంక చూస్తున్నారు. ఆయన నేల వంక చూశాడు. ఆరేళ్ల కిందట పరిచిన రాళ్లు నున్నగా అరిగి ఉన్నాయి.

"తండ్రి చెప్పిన ప్రకారమే రాశానండీ" అన్నాడు చివరికి. "వేలిముద్ర కూడా ఉంది."

నూర్ మొహమ్మద్ బిత్తరపోయాడు. తన బొటనవేలు వంక చూసుకున్నాడు. "నేనా? నేను చెప్పానా పంతులు గారూ?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నిజంగానే తను చెప్పి మర్చిపోయాడేమోనని అడిగాడు.

గఫార్ ముఖం గట్టిపడింది. పిల్లని దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, భయపడకు. ఒక చిన్న లెక్క. నువ్వు పుట్టిన నాడు పెట్టిన రాయి మీద 1937 అని ఉంది. ఇది 1947. వచ్చే జూలై ఒకటికి నీకు పన్నెండేళ్లు నిండుతాయా, నిండవా? నువ్వు చెప్పు. నీ మాటే రాసుకుంటాను. దాని మీద పైకి రాసి నేను కొట్లాడతాను."

పిల్లలందరికీ ఆ లెక్క వచ్చు. ఏ లెక్కా రాని కోటయ్యకి కూడా వచ్చు. జాన్‌బీ గఫార్ వంక చూసింది, అమ్మ వంక చూసింది. చివరికి శివరామయ్య వంక చూసింది. ఆయన కళ్లు ఎప్పటిలాగే సైగ చేశాయో లేదో ఆయనకే తెలియదు. చేయలేదని తర్వాత బతికినంత కాలం తనకి తను చెప్పుకున్నాడు.

"నిండుతాయండీ" అంది జాన్‌బీ.

వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. బడిలో చేరిన ఆరేళ్లలో ఆ పిల్ల ఒక లెక్క తప్పు చెప్పడం అదే మొదటిసారి. జైనాబ్ బీ "ఏమే!" అని అరిచి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. గఫార్ ఇంకోసారి అడిగాడు. పిల్ల తల వంచుకుని ఆ మాటే మళ్లీ చెప్పింది. ఆయన కలం మూసి జేబులో పెట్టుకుని, సగం రాసిన ఫారాన్ని నాలుగు మడతలు పెట్టాడు. శివరామయ్యకి నమస్కారం చెప్పకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. మొన్న పెట్టిన సంతకం ఉంది కాబట్టి బడికి ఆ ఏడు ఢోకా లేదు.

తల్లి ఏడుస్తూ వెళ్లింది. తండ్రి రేకు పెట్టె వెనక్కి తీసుకుంటారో లేదో అడగాలని ఏదో గొణుక్కుంటూ వెళ్లాడు. గంట కొట్టాక పిల్లలూ పోయారు. జాన్‌బీ మాత్రం పలక చంకన పెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. దాని కళ్లలో ఏడుపు లేదు. ఇన్నేళ్లూ లెక్క చేసి చూపించాక ఎలా నిలబడేదో అలాగే నిలబడింది.

"ఇంక బడి మూసెయ్యరుగా పంతులు గారూ?"

"ముయ్యరమ్మా."

"అయితే సరిగ్గానే చెప్పానా?"

శివరామయ్య పంతులు అప్పుడు కూడా నిజం చెప్పి ఉండొచ్చు. సైకిలు ఇంకా ఊరు దాటి ఉండదు.

"సరిగ్గానే చెప్పావు" అన్నాడు.